మూత లోపలి చెమ్మ

లక్క గిన్నె మూత ఎత్తేటప్పుడు కోజుమ మసునో ఎవరితోనూ మాట్లాడదు. ఎదురుగా ఎవరున్నా అంతే, ఏం అడుగుతున్నా అంతే. ఎడమచేత్తో గిన్నెని అదిమి, కుడిచేత్తో మూతని కాస్త పక్కకి తిప్పి పైకి లేపుతుంది. వెంటనే వెల్లకిలా తిప్పి లోపలివైపు చూస్తుంది. నీటి బొట్లు కనిపిస్తేనే గొంతు పెగులుతుంది.

"ఉంది" అంటుంది. అంతే. పొయ్యి మీది అన్నం సంగతైనా, మేడ మీది అతిథి సంగతైనా ఆ తర్వాతే.

చెమ్మ ఉంది అని ఆ మాటకి అర్థం. చెమ్మ ఉంటే మనిషి ఉన్నట్టు.

తనెగషిమ దీవిలో సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళకి ఇంట్లో రోజూ పళ్ళెం పెట్టడం పాత అలవాటు. నీడ పళ్ళెం అంటారు. ఆ మనిషి ఎప్పుడూ కూర్చునే చోటే పెడతారు. అన్నం, చేప, ఊరబెట్టిన ముల్లంగి, మూత పెట్టిన వేడి పులుసు. కాసేపాగి ఆ మూత తీసి చూస్తారు. ఇప్పుడు పడవల్లో ఫోన్లు వచ్చాయి గనక చాలా ఇళ్ళలో ఈ పని మానేశారు. మసునో మానలేదు. పెట్టడానికి ఇంట్లోవాళ్ళు ఎవరూ మిగలకపోయినా మానలేదు.

ఆమెకి డెబ్బై దాటాయి. దీవి దక్షిణపు కొసన ఆమె నడిపే బసలో ఒకప్పుడు చేపల వర్తకులు దిగేవారు, ఇప్పుడు రాకెట్ల వాళ్ళు దిగుతారు. రాకెట్ ఎగిరే రోజున ఆమె పొద్దున్నే అరల్లోని పింగాణీ అంతా దించి పరుపుల మధ్య పెడుతుంది. ఇల్లు ఊగడం ఆగాక మళ్ళీ సర్దుతుంది. ఆకాశంలో ఏం జరిగిందో వార్తల్లో చూడనక్కర్లేదు. ఆ సాయంత్రం అతిథులు సారా ఎలా తాగుతున్నారో చూస్తే తెలిసిపోతుంది. బాగా జరిగితే పాడుతూ తాగుతారు. జరగకపోతే ఒకరి గ్లాసు ఒకరు నింపడం మర్చిపోతారు.

మినెగిషి తొమోయె మొదట వచ్చింది ఇంధనం ట్యాంకుల అతుకులు పరీక్షించే ఉద్యోగం మీద. కొద్ది వారాల పని అని వచ్చి ఏళ్ళకేళ్ళు ఉండిపోయింది. మేడ మీద సముద్రం వైపు గది ఆమెది. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు, సెందై పట్నంలో మేనమామ ఇంట పెరిగింది. వంటింట్లోకి చొరవగా వచ్చే అతిథి ఆమె ఒక్కతే. కాల్చిన చిలగడదుంపని మాడిన తొక్కతో సహా తినేది. మసునోని పెద్దమ్మా అని పిలిచేది. ఎవరు నేర్పారో, ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

దీవిలోని రాకెట్ కేంద్రం పక్కనే ఒక కంపెనీ సొంత ప్రయోగ వేదిక కట్టుకుంది. మనుషుల్ని అంగారకుడి దాకా పంపుతామంది. మొదటి ఓడ దిగదు, గ్రహం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి వచ్చేస్తుంది. దాని వెనకే అచ్చం అలాంటిదే రెండో ఓడ వెళ్ళి నేల మీద దిగుతుంది. మొదటి ఓడలో నలుగురు. ఆ నలుగురిలో తొమోయె ఒకతె.

"లోపలెలా ఉంటుందే?" అని ముల్లంగి తరుగుతూ అడిగింది మసునో, కబురు తెలిసిన రోజున.

"ఎలా ఉంటుంది పెద్దమ్మా, ఈ గిన్నెలా ఉంటుంది. పైన మూత, లోపల నలుగురం."

"ఊపిరాడద్దూ?"

"ఆడుతుంది. మేం వదిలిన ఊపిరి గోడలకి చెమ్మ పడుతుంది. ఆ చెమ్మని యంత్రం లాగేసి శుభ్రం చేస్తుంది. మళ్ళీ అవే నీళ్ళు తాగుతాం."

"ఛీ! ఒకళ్ళ చెమట ఒకళ్ళు తాగడమేమిటే!"

"పెళ్ళి చేసుకుంటే జరిగేదీ అదేనటగా."

మసునో కత్తి ఆపి నవ్వింది. తొమోయె మాత్రం గిన్నె మూతని వేలితో తిప్పుతూ ఉండిపోయింది.

"ఇక్కడ కేంద్రంలో కూర్చుని మమ్మల్ని కనిపెట్టేవాళ్ళు ముందు చూసేదీ ఆ చెమ్మనే పెద్దమ్మా. మాటలు రాకపోవచ్చు, తంతి చెడొచ్చు. గోడకి చెమ్మ పడుతోందంటే లోపల మనుషులు ఊపిరి తీస్తున్నట్టే. పొడిగా ఉందంటే..." దుంప తొక్క నోట్లో వేసుకుని నమిలింది. "నీ మూత లాంటిదే. మావాళ్ళు దానికోసం బోలెడు చదువుకున్నారు, అదొక్కటే తేడా."

వెళ్ళేరోజు గుమ్మం దగ్గర బూట్లు వేసుకుని, "వెళ్ళొస్తాను" అంది. "వెళ్ళిరా" అంది మసునో. ఉత్త వెళ్తాను అనే మాట ఆ దీవిలో ఎవరూ అనరు. ఆ మధ్యాహ్నం పింగాణీ పరుపుల్లోంచి తీయకముందే మసునో తొమోయెకి మొదటి పళ్ళెం పెట్టింది. గిన్నె మూత తీసింది. ఉంది.

కంపెనీ తరఫున ప్రచారం చూసే మనిషి పేరు కురహషి. నలభై దాటినవాడు, జుట్టు నున్నగా దువ్వుకుంటాడు. వంటింటి పక్క గదిలో ఆ పళ్ళెం చూసి, సంగతి విని, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. మర్నాడు కెమెరాలు తెచ్చాడు.

ఆదివారం ఉదయాల కార్యక్రమం అలా మొదలైంది. ముందు ఓడలోంచి తొమోయె గొంతు వినిపించేవారు. "పెద్దమ్మా, ఇవాళ పళ్ళెంలో ఏముంది?" అని అడిగేది ప్రతిసారీ. మసునో కెమెరా వైపు చూడకుండా, ఎగిరే చేప వేయించాననో, బెండకాయ ఉడికించాననో చెప్పేది. తర్వాత మూత ఎత్తేది. "ఉంది." దేశమంతా ఆ మాట పట్టుకుంది. బడిపిల్లలు హాజరు పిలిస్తే ఉంది అనడం మొదలుపెట్టారు. ఓడరేవు దుకాణంలో ఆ మాట అచ్చేసిన తువాళ్ళు అమ్మారు. మసునో కూడా ఒకటి కొని వంటింట్లో మసిగుడ్డగా వాడుకుంది.

దీపాల సర్దుబాటు ఆలస్యమై ఒక్కోసారి పులుసు చల్లారిపోయేది. అప్పుడు కురహషి తనే గిన్నె పట్టుకుని పొయ్యి దగ్గరికి పరిగెత్తేవాడు. "చల్లారిందమ్మగారూ! మీరు లేవకండి, నేను వేడిచేస్తా." ఓసారి వేలు కాల్చుకున్నాడు కూడా. ఆ కట్టు కట్టిన వేలు చూశాకే మసునో అతన్ని ఇంటిమనిషిలా చూడటం మొదలుపెట్టింది.

చేపలు పట్టే గెంపాచికి మాత్రం ఇదంతా తమాషా. ఎదురింట్లోనే ఉంటాడు, మసునో ఈడువాడు, చిన్నప్పటి నించీ ఆమెని ఏడిపించడం అతని హక్కు.

"వేడి పులుసు మీద మూత పెడితే చెమ్మ పట్టక ఏం చేస్తుంది మసునో? పిల్లి చచ్చినా పడుతుంది, పులి చచ్చినా పడుతుంది."

"నాకు తెలీదనుకున్నావా? అందుకేగా వేడిగా పెట్టేది."

"మరి చూడటం దేనికి?"

"నువ్వు గాలం వేసి కూచునేది చేప ఉందని తెలిసేనా?"

గెంపాచి దానికి తల గోక్కున్నాడు. మసునో అతనికి చెప్పని సంగతి ఒకటుంది. ఆమె తండ్రి దక్షిణ సముద్రాలకి వెళ్ళే పెద్ద పడవ మీద పనిచేసేవాడు. తల్లి పళ్ళెం పెట్టేది, పిల్లల ముందు మూత తీసి చూపించేది. ఓ తుపాను రోజున బొగ్గులు తడిసి పొయ్యి రాజుకోలేదు. పులుసు చల్లగానే పోసింది తల్లి. పిల్లలు చూడటం లేదనుకుని మూతని నోటి దగ్గరికి తీసుకుని, లోపలివైపు వెచ్చగా ఊదింది. ఆ తడి పిల్లలకి చూపించి, "ఉన్నాడు" అంది. తలుపు సందులోంచి మసునో చూసింది. పడవ మునిగిన కబురు ఆ ఉదయమే తల్లికి అందిందని తర్వాత తెలిసింది. కానీ మసునోకి నాన్న లేడని తెలిసింది ఆ ఊదడం చూసినప్పుడే. మూత పొడిగా ఉంటే మనిషికి ఇంకా ఆశ ఉంటుంది. దాన్ని తడిపేవాళ్ళ దగ్గర ఉండదు.

చిలగడదుంపలు తవ్వే రోజులు వచ్చి వెళ్ళాయి. ఆ తర్వాతి ఆదివారం తొమోయె గొంతు వినిపించింది. "అందరికీ నమస్కారం. మేమంతా బాగున్నాం. ఇక్కడ నుంచి భూమి చాలా అందంగా ఉంది." అంతే. పళ్ళెంలో ఏముందని అడగలేదు. ఏం పెట్టిందో చెప్పడానికి నోరు తెరిచిన మసునో అలాగే ఉండిపోయింది. పైవారమూ అదే తీరు.

"అడగలేదేం బాబూ?" అంది కురహషితో.

"దూరం పెరిగింది కదమ్మగారూ. మాటలు పొదుపుగా పంపాలి."

"పిసినారి పిల్ల కాదే. తొక్క తింటుంది గానీ మాట మిగల్చదు."

కురహషి నవ్వాడు. ఆ నవ్వు సగంలో తెగింది. ఆ వారం అతను వంటింట్లో టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

అప్పటికే రెండో ఓడ వేదిక దగ్గరికి చేరింది. దాంట్లో వెళ్ళేవాళ్ళలో నిరసకి అనే అతను తొమోయె గదిలో దిగాడు. ఎముకలు తేలిన మొహం, నెమ్మదైన మనిషి. తిన్న గిన్నెలు తనే కడిగి బోర్లించేవాడు. కిటికీ చెక్క మీద తొమోయె గోటితో గీసిన గీతలు చూసి, అవేమిటని మసునోని అడిగాడు. ఆమెకీ తెలియదు. వచ్చాక అడుగుదాం అంది. అతను తలూపాడు.

గెంపాచి ఓ మధ్యాహ్నం ఖాళీ బుట్టతో వచ్చి గుమ్మం మీద కూలబడ్డాడు. మొదటి ఓడలోని నలుగురూ కూర్చుని తిరిగొచ్చే గోళం సముద్రంలో పడగానే తాళ్ళు వేసి పట్టుకోవాల్సిన పడవల్లో అతనిదొకటి. వేసవంతా ఉత్త గోళాన్ని నీళ్ళలో పడేసి వాళ్ళ చేత సాధన చేయించారు.

"ఇక రావక్కర్లేదన్నారు" అన్నాడు.

"వాయిదానేమో."

"వాయిదా అంటే తాళ్ళు మా దగ్గరే ఉంచాలిగా? తాళ్ళూ పట్టుకుపోయారు, కొక్కేలూ పట్టుకుపోయారు." బుట్ట నేల మీద పెట్టాడు. "మసునో, మన దీవి కథ మర్చిపోయావా? తుపాకి మరమేకు ఎలా చెక్కాలో నేర్చుకోడానికి కమ్మరి తన కూతుర్ని విదేశీయుడికిచ్చాడు. పిల్ల తిరిగొచ్చాక మళ్ళీ పంపడం ఇష్టంలేక, చచ్చిపోయిందని ఉత్తుత్తి శవయాత్ర చేశారు. పెట్టెలో ఎవరూ లేకుండానే మనవాళ్ళు ఏడ్చారు."

"ఇప్పుడా సోదెందుకు?"

"బతికున్నదానికి చావు చేసినవాళ్ళం. చచ్చినదానికి బతుకు చేయడం మనకి కష్టమా అని."

మసునో చేతిలోని చీపురుతో అతని బుట్టని వాకిట్లోకి తోసింది. "నోరు కడుక్కునిరా. అప్పటిదాకా నా గడప తొక్కకు." గెంపాచి ఎప్పటిలా ఎదురు చెప్పలేదు. బుట్ట తీసుకుని వెళ్ళిపోయాడు. అదే ఆమెని భయపెట్టింది.

ఆ ఆదివారం కెమెరాలతో పాటు ఎప్పుడూ రాని పెద్దవాళ్ళు కూడా వచ్చారు. నల్ల కోట్లు, తుడిచిన బూట్లు. రెండో ఓడ బయల్దేరే ముందు చివరి కార్యక్రమం అదే. ఈసారి తొమోయె గొంతు కూడా లేదు, ఆమె పంపిందని ఒక ఉత్తరం చదివి వినిపిస్తారట. మేడ మెట్ల మీద నిరసకి కూర్చున్నాడు. అతన్ని కూడా చూపించాలని దీపాలు రెండుసార్లు మార్చారు. పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూర్చున్న మసునో పులుసు వంక చూసింది. ఆవిరి ఎప్పుడో ఆగిపోయింది. గిన్నె చుట్టూ దీపాల వేడికి లక్క మూత వెచ్చబడి, లోపల ఎండిపోయి ఉంటుంది.

"చల్లారింది బాబూ" అంది లేవబోతూ.

"కూర్చోండమ్మగారూ. పరవాలేదు."

కురహషి పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. కోటు జేబులోంచి చిన్న సీసా తీశాడు. పూలమొక్కల మీద నీళ్ళు చిమ్మే రకం. మూత ఎత్తి, లోపలివైపు రెండుసార్లు సుయ్ సుయ్ మని చిమ్మి, గిన్నె మీద పెట్టేశాడు. సీసా అప్పటికప్పుడు దొరికింది కాదు. ఇంటి దగ్గర నింపుకుని, జేబులో పెట్టుకుని వచ్చాడు.

మసునో అతని మొహం చూసింది. దువ్విన జుట్టు అలాగే ఉంది. కళ్ళు మాత్రం తలుపు సందులోంచి కనిపించిన ఆనాటి అమ్మ కళ్ళలా ఉన్నాయి.

ఆమె అడగాలనుకున్నది ఒక్కటే. ఆ పిల్ల ఊపిరి తీస్తోందా లేదా. నెలలుగా పొద్దున్నే లేస్తున్నది ఆ ఒక్క సంగతి కోసం. ఇప్పుడు అడగక్కర్లేదు. ఇంకొకటి మాత్రం మిగిలింది. మూత తిప్పి చూపించి, ఉంది అనాలి. అంటే మెట్ల మీద కూర్చున్నవాడు నమ్ముతాడు. దేశమూ నమ్ముతుంది. రెండో ఓడ వెళ్తుంది.

ఉత్తరం చదవడం అయిపోయింది. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది, ఇక దేశమంతా నేరుగా చూస్తోంది. మసునో ఎడమచేత్తో గిన్నెని అదిమి, కుడిచేత్తో మూత తిప్పి ఎత్తింది. వెల్లకిలా తిప్పి చూసింది. సన్నటి బొట్లు, అన్నీ ఒకే సైజువి, వరసగా ఉన్నాయి. పులుసు ఆవిరి ఎప్పుడూ అలా పట్టదు.

నడుముకి కట్టుకున్న గుడ్డ తీసి మూత తుడిచింది. అచ్చేసిన ఆ తువాలే. పొడి మూతని కెమెరాకి ఎదురుగా పట్టుకుంది.

"ఇందాక తడి ఉంది. అది నా పులుసుది కాదు" అంది. తర్వాత కెమెరా వదిలేసి పక్కకి తిరిగింది. "ఎన్నాళ్ళయింది బాబూ?"

ఎర్రదీపం ఆరిపోయింది. ఎవరో తిట్టారు. నల్ల కోట్ల వాళ్ళు బూట్లు సరిగా తొడుక్కోకుండానే ఫోన్లు చెవిన పెట్టుకుని వాకిట్లోకి పరిగెత్తారు. కురహషి మాత్రం కదల్లేదు. సీసా ఇంకా చేతిలోనే ఉంది.

"దానికి సీసా ఎందుకు తెచ్చుకున్నావు?" అంది మసునో. గొంతులో కోపం లేదు. "నోటితో ఊదితే సరిపోయేది. మా అమ్మ అలాగే ఊదింది."

కురహషి చాప మీద కూలబడ్డాడు.

"గోడలు పొడిగా ఉన్నాయమ్మగారూ."

"ఎప్పట్నించి?"

"మీరు దుంపలు తవ్వించిన వారం నించి."

"మరి ఆ గొంతు?"

"సంకేతాలు అందని రోజులకి పనికొస్తాయని వెళ్ళేముందే కొన్ని మాటలు చెప్పించుకున్నాం. పళ్ళెం సంగతి వాటిలో లేదు. అప్పటికి నేనింకా మీ పళ్ళెం చూడలేదు." సీసాని చాప మీద పెట్టాడు. "రెండోది ఆగకూడదన్నారు. ఇప్పుడు ఆగితే గ్రహం దూరమైపోతుంది, మళ్ళీ రెండేళ్ళు. అప్పటికి కంపెనీ ఉండదన్నారు."

"ఏం చెడింది లోపల?"

"తెలీదు. ఎవరికీ తెలీదు. తెలుసుకోవాలంటే ఓడని వెనక్కి తీసుకొచ్చి చూడాలి."

మెట్ల మీద చెక్క కిర్రుమంది. నిరసకి లేచి నిలబడ్డాడు. అంతా విన్నాడు. పైకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ సాయంత్రం దేశానికి తెలిసింది. కొన్నాళ్ళు గొడవ జరిగింది. కంపెనీ పెద్దాయన తల వంచి క్షమాపణ చెప్పాడు. నలుగురి ఫొటోలకి నల్ల రిబ్బన్లు కట్టారు. ఆ తర్వాత మాటలు మెల్లగా మలుపు తిరిగాయి. వాళ్ళ త్యాగం వృథా కాకూడదన్నారు. రెండో ఓడలో గాలి యంత్రాలు మార్చామన్నారు. ఏం చెడిందో తెలియకుండా దేన్ని మార్చారని ఒకరిద్దరు అడిగారు. వాళ్ళ మాట ఎవరూ పట్టించుకోలేదు. మనుషుల ఆశ అంటువ్యాధి లాంటిది, చావు చూసిన ఇంట్లోనే మరింత పాకుతుంది. బడిపిల్లలు మళ్ళీ ఓడ బొమ్మలు గీశారు. ప్రయోగం తేదీ మారలేదు.

గెంపాచి నోరు కడుక్కునే వచ్చాడు. మసునో సారా పోసింది. నిరసకి కిందికి దిగి వాళ్ళ ఎదురుగా కూర్చున్నాడు.

"వెళ్ళకు నాయనా" అన్నాడు గెంపాచి సూటిగా. "పొయ్యిలోకి కట్టెలా ఎందుకు వెళ్తావు?"

"మీ నాన్న సముద్రంలో పోలేదా తాతా?"

"పోయాడు."

"ఆమె నాన్న?"

"ఆయనా పోయాడు."

"మరి మీరు పడవ ఎక్కడం మానేశారా?"

గెంపాచి గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. నిరసకి ఖాళీ అయిన గెంపాచి గ్లాసు నింపాడు. గెంపాచి తిరిగి అతని గ్లాసు నింపడం మర్చిపోయాడు.

బయల్దేరే రోజు ఉదయం మసునో అరల్లోంచి పింగాణీ దించుతూ ఉంటే నిరసకి వచ్చి నిలబడ్డాడు. ఒకటి రెండు గిన్నెలు అందించాడు. లక్క గిన్నె చేతికి వచ్చినప్పుడు ఆగాడు.

"నాకూ పెడతావా పెద్దమ్మా, పళ్ళెం?"

అతను పెద్దమ్మా అనడం అదే మొదటిసారి. మసునో గిన్నె అందుకుని పరుపు మీద పెట్టింది. మూత విడిగా తీసి, పాత గుడ్డలో చుట్టి, అర కింద లోపలికంటా తోసేసింది.

"పెడతాను. రోజూ వేడిగానే పెడతాను" అంది. "మూత మాత్రం పెట్టను."

అతను తలూపాడు. గుమ్మం దగ్గర వంగి బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు. ఆమె ఆ మాట కోసం నిలబడింది.

"వెళ్తాను" అన్నాడు నిరసకి.

మసునో వెళ్ళిరా అనకుండా అరల దగ్గరికి వెళ్ళి మిగతా గిన్నెలు దించింది. మధ్యాహ్నానికి ఇల్లు ఊగడం మొదలైంది.